నిమ్మ తెగులు మీద రీసెర్చ్ అంటే భయమెందుకన్నా?

హన్మకొండ నుంచి ఒకాయన అడిగిండు. బిడ్డ బీఎస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది, నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే బ్యాక్టీరియా జన్యువుల మీద పనిచేస్త, ఎంఎస్సీల చేరుత అంటున్నదంట. ఈయనకేమో ఆన్‌లైన్ల ఆర్నెల్ల జీనోమిక్స్ (జన్యువులను కంప్యూటర్ల చదివే) కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఎవరో చెప్పిండ్రు. రెండిట్ల ఏది మంచిది అని.

అన్నా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తది, సబ్జెక్టు పేరు మారుతది అంతే. బిడ్డ ఏండ్లకేండ్లు చదువుకుంట ఉంటే జీతం ఎప్పుడు, పెండ్లి ఎప్పుడు, అదే కదా మీ రంది. తల్లిదండ్రులకి ఉంటది, కాదనను.

కానీ ఆ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. నిమ్మాకు మీద గజ్జి తెగులు చూసే ఉంటరు, గోధుమరంగు గరుకు మచ్చ, చుట్టూ పసుప్పచ్చ వలయం. తెచ్చేది జాంథోమోనాస్ సిట్రి అనే బ్యాక్టీరియా. దాంట్ల 'A' అనే రకం నారింజ, గ్రేప్‌ఫ్రూట్, నిమ్మ చానా వాటికి అంటుకుంటది, 'A-స్టార్' అనే రకం ఎక్కువగా మన కాగ్జీ నిమ్మనే పడుతది. నిమ్మాకు మీద మచ్చ చూసి ఏది ఏదో చెప్పలేం, జన్యువులు చూడాల్సిందే. నిమ్మజాతికే వచ్చే ఇంకో తెగులు గ్రీనింగ్, దాని బ్యాక్టీరియా ఇంకా మొండిది, ల్యాబుల మామూలుగ పెంచుదామంటే పెరగదు, ఆకు నడిమి ఈనె కోసి డీఎన్ఏ తీస్తరు, అండ్ల చెట్టుదే ఎక్కువ, బ్యాక్టీరియాది కొంచెమే. ఆ పని చేతులతో చేసినోళ్లకే కంప్యూటర్ల కనబడ్డ తేడా నిజంగ బ్యాక్టీరియాదేనా, శాంపిల్‌ల కలిసిన ఇంకోటా అని అనుమానం వస్తది. ఆర్నెల్లు సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే రాదది. గ్యారంటీ అన్నోళ్లని ఏ కంపెనీ, ఎంత జీతం, పోయినేడు చేరినోళ్లు ఎక్కడున్నరు అని ఒక్కసారన్న అడిగిండ్రా? ఫీజు కట్టడానికి తయారైండ్రు గని బిడ్డను కూసోబెట్టి నీకు ఇదెందుకు ఇష్టం అని అడగలే. పక్కింటి పిల్ల జీతం ఇంట్ల రోజూ ఎత్తితే ఈ పిల్లకు చదువు మీద మనసెట్ల నిలుస్తది?

ఒక మాట సూటిగ చెప్త, ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్ల చదువు) ఎంఎస్సీకి మామూలుగ బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతరు, అది ఈమెకు కష్టం. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ దారి ఉంది, మన కాకతీయ యూనివర్సిటీల రెండూ ఉన్నయి, ఇంటికాడినుంచే పోయి రావొచ్చు. ఎంఎస్సీ తర్వాత రీసెర్చ్ ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష నెట్ జేఆర్ఎఫ్ కొడితే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పీహెచ్‌డీ మీ జేబుల నుంచి కాదు. కొట్టకపోయినా ల్యాబ్ పని వచ్చిన పిల్లకు ఫార్మా, విత్తన కంపెనీలు, టెస్టింగ్ ల్యాబులు ఉన్నయి. కంప్యూటర్ పని ఎంఎస్సీల ఉండంగనే నేర్చుకుంటది, ఫ్రీగ దొరికేది చానా ఉంది.

ఈ ఏడు సీపీగెట్ (తెలంగాణల పీజీ సీట్లకు పెట్టే ఎంట్రెన్స్) రాయనియ్యండి. సీటు వచ్చినంక ప్రాజెక్టు నిమ్మ తెగుళ్ల మీద దొరుకుతదా అని డిపార్ట్‌మెంట్‌ల అడగుమనండి, నాగ్‌పూర్‌ల ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ల సిట్రస్, అంటే నిమ్మజాతి, పరిశోధన సంస్థ ఉంది, అక్కడికి మెయిల్ పెట్టి చూడుమనండి. ఆ కోర్సు డబ్బులు మాత్రం ఇప్పుడే కట్టకుండ్రి.