టెక్ సందేహాలు: ఇల్లు ఓనర్‌దే, మరి తాళంచెవి?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాకు మూడంతస్తుల డాబా ఉంది. కింద మేం ఉంటున్నాం, పైన నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చాం. కుళాయి కారుతోందని ఒకరు ఫోన్ చేస్తారు. గీజర్ పనిచెయ్యట్లేదని ఇంకొకరు మెట్ల మీద పట్టుకుని చెబుతారు. మరొకరు వాట్సాప్‌లో పెడితే అది గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతుంది. చివరికి ‘చెప్పి నెలైంది అంకుల్’ అనిపించుకుంటున్నాను. దీనికేమైనా మంచి యాప్ ఉందా?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: ఉన్నాయి గానీ నాలుగు పోర్షన్లకు అవి దండగ. మీ ఒక్కరి కోసం అద్దెకున్నవాళ్లు కొత్త యాప్ వేసుకోరు. మొహమాటానికి వేసుకున్నా, వారం తిరక్కుండా మళ్లీ మెట్ల మీదే పట్టుకుంటారు. వాళ్లని వాట్సాప్‌లోనే ఉండనిచ్చి, మీరు మాత్రం వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఉచితమే. మామూలు వాట్సాప్ ఉన్న ఫోన్‌లోనే ఇదీ ఉంటుంది, కాకపోతే వేరే నంబరు కావాలి. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇంకా బతికి ఉంటే ఆ నంబరుతోనూ నమోదు చేసుకోవచ్చు. కోడ్‌ని కాల్ చేసి చదివి వినిపిస్తారు.

ఇందులో మీకు అక్కరకొచ్చేది లేబుళ్లు. ‘వచ్చింది’, ‘ప్లంబర్‌కి చెప్పాను’, ‘అయిపోయింది’ అని మూడు పేర్లు పెట్టుకోండి. మెసేజ్‌ని నొక్కిపట్టి లేబుల్ తగిలిస్తే చాలు. ఆదివారం పొద్దున్న ‘ప్లంబర్‌కి చెప్పాను’ తెరిస్తే, ప్లంబర్ ఎన్ని ఎగ్గొట్టాడో వరసగా కనబడుతుంది. మెట్ల మీద చెప్పినవాళ్లతో ‘సరేనమ్మా, ఒక్క వాయిస్ మెసేజ్ పడెయ్యి’ అనండి. ఫొటో కన్నా పది సెకన్ల వీడియో నయం. నీళ్లు చుక్కలుగా పడుతున్నాయో, ధారగా కారుతున్నాయో ప్లంబర్‌కి చూడగానే తెలుస్తుంది, వచ్చేటప్పుడే సరైన వాషర్ తెచ్చుకుంటాడు.

అందరినీ కలిపి గ్రూపు పెట్టి ఫిర్యాదులు అందులో తీసుకోవద్దు. ఒకరి పోర్షన్‌కి రంగులేయిస్తే మిగతా ముగ్గురికీ తమ గోడలు ఆ పూటే గుర్తొస్తాయి. గ్రూపు ఉంటే అది ట్యాంకు కడిగే రోజు చెప్పడానికే. గూగుల్ ఫారం పెట్టమని మీ అబ్బాయి సలహా ఇవ్వొచ్చు. అందులో ఫొటో జతచేయమంటే జీమెయిల్ లాగిన్ అడుగుతుంది, సగంమంది అక్కడే ఆగిపోతారు. పది పన్నెండు పోర్షన్లున్నవాళ్లకైతే సరే.

మరో మాట. చాట్‌లో ‘అదృశ్యమయ్యే సందేశాలు’ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. అవతలివాళ్లు ఆన్ చేసినా, ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లు గడువు కాగానే మీ దగ్గర కూడా పోతాయి. ఎవరైనా ఖాళీ చేసేటప్పుడు చాట్‌ని ఎగుమతి చేసి మెయిల్‌లో దాచుకోండి. అడ్వాన్స్‌లో ఎంత కోస్తారన్న దగ్గర మాటా మాటా వస్తే అదే అక్కరకొస్తుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మధురవాడలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఇద్దరు బ్యాచిలర్స్‌కి అద్దెకిచ్చాను. ప్లంబర్ వచ్చే వేళకి వాళ్లు ఆఫీసులో ఉంటారు. ఫోన్ నుంచే తలుపు తీసే స్మార్ట్ తాళం పెట్టిద్దామనుకుంటున్నాను. ఏది కొనాలి?

జవాబు: ఏది కొనాలన్నది తర్వాత. అడ్మిన్, అంటే తాళం యాప్ మీద పూర్తి అధికారం ఉన్న మనిషి, ఎవరన్నది ముందు తేల్చండి. ఈ తాళాలు తలుపు ఎప్పుడు తీశారో, ఎవరి పిన్‌తో తీశారో రాసిపెడతాయి. అడ్మిన్ మీరైతే, ఆ కుర్రాళ్లు శనివారం రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరారో హైదరాబాద్‌లో కూర్చుని మీకు తెలిసిపోతుంది. తాళం ఖరీదు మీరు పెట్టుకున్నా, అద్దె తీసుకుంటున్నన్నాళ్లు ఆ గడప వాళ్లది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా, మరమ్మతుకో తనిఖీకో ఓనర్ లోపలికి వెళ్లాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ తెలియజేయాలంటుంది. ఆ పని ఒక్క మెసేజ్‌తో అయిపోతుంది: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరొస్తారు, ఎందుకు.

కాబట్టి అడ్మిన్ ఖాతా వాళ్ల ఫోన్‌లో పెట్టించండి. ప్లంబర్ వచ్చే రోజు వాళ్లే అతనికి గంటో రెండు గంటలో గడువున్న పిన్ ఇస్తారు. కొన్ని తాళాల్లో దీనికి నెట్ కూడా అక్కర్లేదు. బ్యాంకు ఓటీపీ యంత్రంలా, తాళంలోని గడియారం, ముందే దాచిన రహస్య సంఖ్య కలిసి ఆ పిన్ చెల్లుతుందో లేదో లెక్కగడతాయి. ఖాళీ చేసే రోజు వాళ్ల ఎదుటే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. వేలిముద్రలు లోపల మిగలకూడదు.

కొనేటప్పుడు మామూలు తాళంచెవి పట్టే రంధ్రం ఉందో లేదో చూడండి. లేకపోతే ఎంత తక్కువకొచ్చినా వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో కరెంటూ సెల్ సిగ్నలూ లేకుండా ఎన్ని రోజులు గడిపామో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి. తాళం బ్యాటరీతోనే నడుస్తుంది గానీ, హైదరాబాద్ నుంచి తీయడానికి కావలసిన వైఫై పెట్టె కరెంటు పోగానే మూగబోతుంది. ఆ తాళంచెవి ఒకటి కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట ఇరువురూ సంతకం చేసి, దగ్గర్లో ఉన్న మీ బంధువుల ఇంట్లో ఉంచండి. కవర్ చిరిగితే ఎందుకు చిరిగిందో చెప్పుకోవాలి.

బ్యాటరీలు ఎక్కువగా నాలుగు డబుల్ ఏ ఆల్కలైన్లు. రీఛార్జబుల్ వేయొద్దు. వాటి వోల్టేజీ 1.5 కాదు, 1.2. ‘చార్జి తక్కువ’ హెచ్చరిక తప్పుగా వస్తుంది, లేదా రావాల్సినప్పుడు రాదు. పూర్తిగా అయిపోతే బయటినుంచి పవర్‌బ్యాంకు తగిలించే టైప్ సీ పోర్టు ఉన్నది తీసుకోండి. ఇక ఉప్పుగాలి సంగతి. బీచ్‌రోడ్ వైపు గేటు గొళ్లేలు ఎలా తుప్పెక్కుతాయో చూస్తూనే ఉంటారు. ఫ్లాట్ సముద్రానికి దగ్గరైతే బయటి పలక 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌దేనా అని అడగండి. మామూలు 304 రకం కన్నా ఉప్పుని అది బాగా తట్టుకుంటుంది, అందులోని మాలిబ్డినం అనే లోహం వల్ల.

ప్రశ్న: అక్కయ్యపాలెంలో అద్దెకుంటున్నాను. ఓనర్ గారు మెట్ల దగ్గర పెట్టిన సీసీ కెమెరా సరిగ్గా మా గుమ్మం వైపే చూస్తోంది. తలుపు తీస్తే హాలంతా పడుతుంది. తీసేయమంటే బాగోదేమో?
– గృహిణి

జవాబు: తీసేయమనక్కర్లేదు. చాలా కెమెరాల సెట్టింగుల్లో ‘ప్రైవసీ మాస్క్’ ఉంటుంది. మీ గుమ్మం పడే భాగం మీద నల్లని గడి గీస్తే, ఆ మేరకు రికార్డే కాదు. మెట్లు మాత్రం కనబడతాయి. ‘బాబాయ్ గారూ, కెమెరా పెట్టినవాళ్లు వచ్చినప్పుడు మా వైపు మాస్క్ వేయించండి’ అనండి. మాటలు రికార్డయ్యే మైకు ఉంటే అదీ ఆపించండి. నల్లగడి పడిందో లేదో ఆయన ఫోన్‌లో మీ కళ్లతో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆధార్ కాపీ వాట్సాప్‌లో తీసుకోవచ్చా?

జవాబు: మాస్క్‌డ్ ఆధార్ అడగండి. మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 ఉంటాయి. ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సైట్లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్’ గడిలో టిక్ పెడితే వస్తుంది. అసలు కార్డు ఎదురుగా చూసి, పేరూ ఫొటో సరిపోల్చుకుని తిరిగిచ్చేయండి.