సర్వే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న మా అబ్బాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, ఉద్యోగం మానేసి ఆన్‌లైన్ సర్వేల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దానికి నీ జీతం గురించి టెన్షన్. నాకు ఆ బెంగ లేదు. పని వచ్చినవాడివి, ఎలాగైనా నిలబడతావు. నేను ఇన్నేళ్లు చేసిన పనిలోకే మా ఇంటి పిల్లాడు వస్తున్నాడంటే గర్వంగానే ఉంది. కానీ ఒక్క విషయంలో మాత్రం భయంగా ఉంది. అది ఫోన్లో సరిగ్గా చెప్పలేనని రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. అందరూ ఫోన్లోనే నింపుతారు కాబట్టి ఫోన్ తెరకు తగ్గట్టే ఫారం తయారుచెయ్యి. అడ్డం, నిలువు గడులతో పెద్ద పట్టిక పెడితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు, ఒకే వరసలో టకటకా నొక్కేసి బయటపడతారు. సిగ్నల్ పోయినా అంతవరకు ఇచ్చిన జవాబులు పోకూడదు. ‘పంపు’ రెండుసార్లు నొక్కితే ఇద్దరు మనుషులుగా లెక్క పడకూడదు. ఆప్షన్ల వరస మనిషి మనిషికీ మార్చి చూపించే వీలు పెట్టు, పైన కనిపించినదానికే మొగ్గేవాళ్లు చాలామంది ఉంటారు. ‘ఇతర’, ‘చెప్పడం ఇష్టం లేదు’ మాత్రం ఎప్పుడూ అడుగునే ఉండాలి.

ఆప్షన్లకు వరస సంఖ్యలే కోడ్‌లుగా పెట్టకు. సర్వే సగంలో ఉండగా ఎవరో వచ్చి మధ్యలో ‘కౌలు రైతు’ అనే ఆప్షన్ చేర్చమంటారు. నిన్నటిదాకా 3 అంటే వ్యవసాయ కూలీ, ఇవాళ్టి నుంచి 3 అంటే కౌలు రైతు. ఫైల్లో చూస్తే రెండూ 3. తర్వాత ఎవరి తరమూ కాదు విడదీయడం. ప్రతి ఆప్షన్‌కూ మారని కోడ్ ఒకటి ఉండాలి. మొదటి జవాబు రాగానే ఫారానికి తాళం పడాలి, ఆ తర్వాత ఏం మార్చినా కొత్త వెర్షన్‌గా నమోదు కావాలి. అసలు సర్వేకు ముందు చిన్న ప్రయోగం చేస్తే సగం మార్పులు అప్పుడే తేలిపోతాయి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1937లో బెంగాల్లో జనపనార సాగు సర్వే మొదలుపెట్టినప్పుడు ముందు చిన్న ఎత్తున చేసి చూసుకుని, ఆ తర్వాతే ఏటా పెంచుకుంటూ పోయారు. అంతటి ఆయనకే అవసరమైంది, మనకి అక్కర్లేదా?

ఇక నా భయం సంగతి. పేరు అక్కర్లేదని చెప్పి పేరు బయటపెట్టిన సర్వే ఒకటి నా కళ్లముందే జరిగింది. ఏ సంస్థో ఇప్పుడు వద్దులే. పై అధికారుల ప్రవర్తన గురించి ఉద్యోగుల్ని అడిగారు. మొదటి పేజీలోనే ‘మీ వివరాలు గోప్యం’ అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఫారంలో నిజంగానే పేరు అడగలేదు. కానీ ఒక్కొక్కరికీ వేరే లింకు పంపారు. జవాబివ్వనివాళ్లకే మళ్లీ గుర్తుచెయ్యాలి, ఒకరే రెండుసార్లు నింపకూడదు, అందుకని. ఎవరి లింకు ఎప్పుడు పూర్తయిందో ఒక పట్టికలో సెకన్లతో సహా పడింది. జవాబుల పట్టికలోనూ అదే టైము పడింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరేం రాశారో వచ్చేసింది. దానికి హ్యాకరే కానక్కర్లేదు, ఎక్సెల్ తెలిస్తే చాలు.

ఒకావిడ తన అధికారి గురించి ఉన్నదున్నట్టు రాసింది. నెల తిరక్కుండా దూరపు ఊరికి బదిలీ చేశారు. జవాబుల్ని పట్టికలు వేసే పని మా ఆఫీసుది కాబట్టి వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. బదిలీ కాగితం నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. అది తీసి, మడతలు విప్పి, నా బల్ల మీద పెట్టి, ‘నేను పేరు రాయలేదు కదండీ?’ అంది. గొంతు కూడా పెంచలేదు. ఆవిడకి పదో తరగతి చదివే కూతురు ఉంది, పరీక్షల ముందు ఆ పిల్లని తీసుకుని వెళ్లాల్సి వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా ‘గోప్యం’ అంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. లైమ్‌సర్వే అని కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, 2003లో పీహెచ్‌పీ సర్వేయర్ అనే పేరుతో మొదలైంది. అందులో పేర్లు లేని సర్వే పెట్టి, టైము నమోదు ఆపేస్తే, జవాబు పూర్తయిన తేదీ అందరికీ 1980 జనవరి 1 అని పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఏదో చెడిందనుకుంటారు. కాదు, కావాలనే అలా చేశారు. నువ్వు కూడా లింకుల పట్టికలో ‘పూర్తయింది’ అని మాత్రమే పెట్టు. జవాబులు వచ్చిన వరసలో ఉంచకు, కలిపెయ్యి. ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి నింపారో చెప్పే ఐపీ అడ్రస్ అసలు నమోదే చెయ్యకు. నలుగురే ఉన్న విభాగానికి విడిగా ఫలితాలు చూపించకు, నలుగురిలో ఒకరిని పోల్చుకోవడం ఎంతసేపు?

డబ్బిచ్చే క్లయింటే ఏదో ఒక రోజు ‘మాకొక్కళ్లకే చూపించండి’ అంటాడు. మొహమాటపడతావు, నీ సంగతి నాకు తెలీదూ? అప్పుడు చూపించడానికి అసలు నీ దగ్గరే ఏమీ ఉండకూడదు. చిన్నప్పుడు మా ఇంట్లో నింపిన ఫారాల వెనక నువ్వు ఏనుగులు గీస్తే వీపు మీద ఒకటి వేశాను, గుర్తుందా? అప్పుడు నీకు అయిదేళ్లు. ఏడుస్తుంటే జాలేసి తెల్లకాగితాల కట్ట మొత్తం ఇచ్చేశాను. ఆ ఫారాల్లోవి ఎవరివో మాటలురా, మనవి కావు.

బడి పిల్లల సర్వేలు ఒప్పుకునే ముందు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చదువు. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. అన్నట్టు, కామాలతో విడగొట్టిన తెలుగు జవాబుల సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఏ పద్ధతిలో రాసిన అక్షరాలో ఎక్సెల్‌కి చెప్పే గుర్తు, అదే యూటీఎఫ్-8 బీఓఎంతో సేవ్ అయ్యేలా చూడు. మాలాంటివాళ్లు దాంతో పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

వేళకి తిను. సంక్రాంతికి వస్తున్నాను. ఆలోపు మన వాళ్లందరి చేత పేర్లు లేని సర్వే ఒకటి నింపించి, అన్ని పట్టికలూ నా ముందు పెట్టు. ఏ జవాబు ఎవరిదో నేను కనిపెట్టగలిగితే, పండగ అయ్యాక మళ్లీ మొదటినుంచి రాద్దువుగాని.

మీ పెద్దమ్మ