నెట్ రాదని, రోడ్డు దాటలేమని వార్డు జనం అడిగితే

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినప్పటి నుంచి అదే ఆలోచనలో ఉన్నాను. కౌన్సిలర్‌గా ప్రమాణం చేసి నెల కూడా కాలేదు, అప్పుడే వార్డు జనం నిన్ను నిలదీస్తున్నారు. నెట్ సరిగ్గా రావడం లేదని కొందరు, హైవే దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సి వస్తోందని కొందరు. అందరికీ "చేయిస్తాను" అని మాట ఇచ్చేశానన్నావు. ఇక అలా ఇవ్వకు. ముందు ఆ పని ఎవరి చేతిలో ఉందో తెలుసుకో. మన చేతిలో ఉన్నదానికి మాట ఇవ్వు, లేనిదానికి వెంటపడతానని చెప్పు. జనం అర్థం చేసుకుంటారు. ఏ సంగతీ చెప్పకుండా తిప్పించుకుంటేనే వాళ్లకు మండుతుంది.

మన ఊరి మధ్య నుంచి పోయేది 65వ నంబరు జాతీయ రహదారి. దాని మీద మున్సిపాలిటీ సొంతంగా ఏమీ చేయలేదు. అందరూ స్పీడ్ బ్రేకర్ అడుగుతారు కానీ జాతీయ రహదారి మీద అది వేయకూడదన్నది కేంద్రం మాట. మనం అడగాల్సింది అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు, వీధిదీపాలు, జనం దాటే చోట సిగ్నల్. ఊరికే అడిగితే ఎవరూ కదలరు. స్టేషన్‌కు పోయి, జనం రోడ్డు దాటే ఆ మలుపు దగ్గర మూడేళ్లలో జరిగిన ప్రమాదాల జాబితా ఇవ్వమని సీఐ గారిని అడుగు. అర కిలోమీటరు లోపల మూడేళ్లలో ప్రాణం పోయినవో, తీవ్రంగా గాయపడినవో ఐదు ప్రమాదాలు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తించాలి. ఆ కాగితంతో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అర్జీ పెట్టు. పోలీసులు, ఆర్ అండ్ బీ, రవాణా శాఖ వాళ్లందరూ అక్కడే ఉంటారు. రాస్తారోకో చేస్తే ఆ పూట హామీ వస్తుంది, అంతే. నీ అర్జీ మినిట్స్‌లోకి, అంటే మీటింగు రికార్డులోకి ఎక్కితే వచ్చే మీటింగులో దానికి జవాబు చెప్పాల్సింది వాళ్లే.

కాలనీ రోడ్లు మాత్రం మనవే. స్కూలు సందు మొదట్లో వేసిన ఆ గడ్డ చూశావు కదా! ఎవరో ఇంటి పనిలో మిగిలిన కాంక్రీటు తెచ్చి రాత్రికి రాత్రే పోశారు. జానెడు ఎత్తు, తెల్ల గీత లేదు, ముందు బోర్డు లేదు. పొద్దున చీకట్లో పాల బండి దాని మీద ఎగిరిపడి క్యాన్లన్నీ మోరీలో పడ్డాయి. బండి మీద గర్భిణి ఉంటే ఏమయ్యేది? స్పీడ్ బ్రేకర్‌కు, రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ఇచ్చిన కొలతలున్నాయి: 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి పోయే దిశలో 3.7 మీటర్ల వెడల్పు. మున్సిపాలిటీ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) దగ్గర పెట్టుకుని పాతది తీయించి, కొలత ప్రకారం వేయించు. తీసేస్తే ఆ ఇంటివాళ్లు గొడవకు వస్తారు. రానీ. వాళ్ల పిల్లలూ అదే సందులో నడిచేది.

ఇక నెట్. కంపెనీ స్పీడు తగ్గిస్తే నువ్వు చేయగలిగేది తక్కువ. ముందు కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోమను. అక్కడ తేలకపోతే ప్రతి కంపెనీకీ అప్పీలు వినేవాళ్లు ఉండాలని టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ నిబంధన ఉంది. లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయమను. ఇది ఒక చీటీ మీద రాసి వార్డు గ్రూపులో పెడితే నీ తలనొప్పి సగం తగ్గుతుంది.

అయితే నెట్ పోయే కారణాల్లో ఒకటి మన దగ్గరే ఉంది. మోరీ తవ్వడానికి జేసీబీ దిగుతుంది, కింద ఫైబర్ తెగుతుంది, కాలనీ అంతా చీకటి పడేదాకా నెట్ ఉండదు. తవ్వే ముందు కేబుల్ ఉన్నవాళ్లకు చెప్పడానికి 2023లో కేంద్రం "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్ తెచ్చింది. కాంట్రాక్టర్ దానిలో వివరాలు పెట్టాకే పని మొదలుపెట్టాలని కమిషనర్ గారితో సర్క్యులర్ ఇప్పించు. కేబుల్ వాళ్లు రోడ్డు తవ్వినప్పుడూ అంతే. అనుమతి కాగితం చూడు, గుంత పూడ్చి, దిమ్మిస కొట్టి, పైన సిమెంటు వేసేదాకా వదలకు. ఒట్టి మట్టి కప్పి పోతే మొదటి వానకే కుంగుతుంది, బైకు చక్రం దిగేది అందులోనే.

కరెంటు స్తంభాలకు వేలాడే తీగల విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో కేబుళ్లు ఎడాపెడా కత్తిరించేసరికి ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లు అల్లాడిపోయారు. మన దగ్గర ఆ రెండూ జరగకూడదు. వినాయక చవితి కన్నా ముందే లైన్‌మన్‌ను, కేబుల్ ఆపరేటర్లను ఒకే రోజు పిలిచి, ఊరేగింపు దారి వెంట నడిపించు. పనికిరాని తీగలు తీసేయాలి, పనిచేసేవి పైకి కట్టాలి. జనం చేత మాత్రం ఒక్క తీగ కూడా ముట్టనీయకు.

ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తీసుకో, తేదీ వేసి ఒక ఫైలులో పెట్టు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయే ముందు వాటి ఫొటోలు నాకు వాట్సాప్ చెయ్యి. స్టేషన్‌లో జాబితా ఇవ్వడానికి నానిస్తే చెప్పు, నేనూ వస్తాను, ఇద్దరం కలిసి పోదాం.

మీ పెదనాయన