డెన్మార్క్‌లో వైన్ కొనుగోలు: ప్రభుత్వ దుకాణం, సరిహద్దు ధరల గురించి

స్వీడన్‌లోని మాల్మో నుంచి కోపెన్‌హాగెన్‌కు మారిన మీరు, వైన్ అమ్మే ప్రభుత్వ దుకాణం ఎక్కడా కనబడలేదనీ, అదే సీసా జర్మనీ సరిహద్దులో ఎందుకు చవకో తెలియలేదనీ రాశారు. స్వీడన్‌లో మద్యం అమ్మే ప్రభుత్వ దుకాణాల సంస్థ సిస్టెమ్‌బొలాగెట్‌కు ఉన్నటువంటి గుత్తాధిపత్యం డెన్మార్క్‌లో ఏ సంస్థకూ లేదు కనుక, కూరగాయలు కొనే సూపర్‌మార్కెట్‌లోనే వైన్ కూడా దొరుకుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, ఆక్వావిట్ అనే ఘాటైన స్థానిక మద్యంపై పన్నును విపరీతంగా పెంచడంతో డేనిష్ ప్రజలు బీరు వైపు మళ్లారు. వైన్ సామాన్యుల భోజనబల్లపైకి చేరింది చాలా కాలం తరువాతే.

ధరలో తేడాకు అసలు కారణం పన్ను. డెన్మార్క్ వైన్‌పై ఎక్సైజ్ సుంకం, దానిపైన 25 శాతం వ్యాట్ వసూలు చేస్తుండగా, జర్మనీలో నురుగు లేని వైన్‌పై సుంకమే లేదు, వ్యాట్ కూడా 19 శాతమే. సొంత వాడకానికి స్వయంగా తెచ్చుకోవడం చట్టబద్ధమే; అయితే రెండు మూడు సీసాల కోసం జర్మనీ సరిహద్దు పట్టణం ఫ్లెన్స్‌బుర్గ్ దాకా వెళితే ప్రయాణ ఖర్చుకే ఆ లాభం చాలదని నా అభిప్రాయం.

మిత్రులకు కానుకగా ఇవ్వాలనుకుంటే, చలిని తట్టుకునే సొలారిస్ ద్రాక్షతో డెన్మార్క్‌లోనే చేసిన తెల్ల వైన్‌ను తప్పక పరిశీలించండి.