కుక్కపిల్లకి తల పెద్దగా, ఒళ్లు బక్కగా ఉంటే తలలో జబ్బు ఉన్నట్టా?

నెల వయసున్న మీ కుక్కపిల్లకి ఒంటితో పోలిస్తే తల పెద్దగా ఉందని, జబ్బేమోనని అడిగారు. నేనూ ఇదే టెన్షన్ పడ్డాను.

మా కుక్క ఒకే ఈతలో ఐదు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకటి పుట్టినప్పటి నుంచీ బక్కదే. రోజూ పొద్దున్నే అన్నిటినీ వంటింటి కాటా మీద తూచేదాన్ని. వారానికోసారి చెవుల ముందు నుంచి తల చుట్టూ దారం చుట్టి, కొలత దగ్గర ముడి వేసి దాచేదాన్ని. నెల నిండేసరికి అన్నిటికంటే పెద్దది 1,800 గ్రాములు, ఇది 1,150. రెండు దారాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిటికెనవేలి వెడల్పు కూడా లేదు! తల సరిగ్గానే పెరుగుతోంది, వెనకబడింది ఒళ్లు.

ఇందులో కొంత లెక్క ఉంది. ఆకారం మారకుండా ఒళ్లు అన్ని వైపులా రెండింతలైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే కాటా చూపించినంత తేడా దారం చూపించదు. అసలు కారణం మాత్రం మెదడు. అది తొందరగా పెరుగుతుంది, దాన్ని కప్పే పుర్రె పైభాగమూ దానితోపాటే పెరుగుతుంది. పాలు చాలకపోతే శరీరం ముందు కొవ్వు, కండ దగ్గర కోత పెడుతుంది, మెదడు వాటాని వీలైనంత కాపాడుతుంది. మూతి, దవడలు ఆలస్యంగా సాగుతాయి. తిండి లోటు నెలల తరబడి ఉంటే దెబ్బ అక్కడ తగులుతుంది. 1960ల్లో మెకాన్స్, విడోసన్ అనే శాస్త్రవేత్తలు పందిపిల్లల్ని ఏడాదిపాటు అరకొర తిండితో ఉంచితే, పళ్లు పెరిగినంతగా దవడ పెరగక, చోటు చాలక పళ్లు ఇరుక్కుపోయాయి. పాపం, అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

మా బక్క కుక్కపిల్లకి డాక్టర్ పరీక్ష చేయిస్తే కడుపులో ఏలికపాములు తేలాయి. తల్లి నుంచే వస్తాయట. మందు వేయించి, మిగతా నాలుగింటినీ పక్కకి తీసి దానికొక్కదానికీ పాలు పట్టించాను. మూడు వారాల్లో నడుము నిండింది, తల మామూలుగా కనిపించింది.

అయితే నుదురు గుమ్మటంలా ఉబ్బి, కళ్లు కిందికీ పక్కలకీ తిరిగి ఉన్నా, నడక తూలుతున్నా, మూర్ఛ వచ్చినా ఆగకండి. మెదడులో నీరు చేరి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి. అవేవీ లేకపోతే రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. రెండు రోజులు వరసగా బరువు పెరగకపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.