టాక్ షో చెయ్యబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

టాక్ షో మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. సెట్టు, లైట్లు, టైటిల్ మ్యూజిక్ చూసుకోవడానికి వేరే మనుషులుంటారు గానీ, వినే పని మాత్రం నీదే, నీ బదులు ఇంకెవరూ చెయ్యలేరు.

అతిథి మాట్లాడుతుంటే తర్వాతి ప్రశ్న కోసం చేతిలో కార్డు వంక చూసుకోవడం హోస్టులకి మహా చెడ్డ అలవాటు. "ఆ తర్వాత మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు" అని ఆయన అనుకోకుండా అనేస్తే, నువ్వు కార్డు చూసి "మీ కొత్త సినిమా గురించి చెప్పండి" అన్నావనుకో, అయిపోయింది, ఇక ఆ గంటసేపూ ఆయన నోట్లోంచి వచ్చేవన్నీ పేపర్లలో వచ్చిన మాటలే. ఒక్క క్షణం ఊరుకో. మిగతాది ఆయనే చెప్తాడు.

మంచి ప్రశ్నలన్నీ నీకే తడతాయనీ అనుకోకు. 1967లో అమెరికాలోని డేటన్‌లో షో మొదలుపెట్టిన ఫిల్ డోనహ్యూ, యాడ్స్ వచ్చేటప్పుడు ప్రేక్షకులు అడిగేవి తన ప్రశ్నలకంటే బాగున్నాయని గమనించి, మైకు పట్టుకుని వాళ్ల మధ్యకే వెళ్లిపోయాడు. అప్పటిదాకా చప్పట్లు కొట్టడానికే వచ్చే జనం షోలో భాగమైపోయారు. అమెరికాలో పేరుమోసిన హోస్టు ఓప్రా విన్‌ఫ్రే లాంటివాళ్లు నడిచింది ఆ దారిలోనే. ఆవిడ 1996లో బుక్ క్లబ్ పెట్టాక, షోలో పేరు చెప్తే చాలు, ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడయ్యేది.

అంత బలం ఉంది కాబట్టే నోరు జాగ్రత్త. జోకే కదా అనుకుంటాం. 1973 డిసెంబర్‌లో అమెరికా టాక్ షో హోస్టు జానీ కార్సన్ టాయిలెట్ పేపర్‌కి కొరత వచ్చిందని సరదాగా అన్నాడు, అప్పటికే పెట్రోలు దొరక్క హడలిపోయి ఉన్న జనం దుకాణాల మీద పడి కొనేశారు, దాంతో నిజంగానే కొరత వచ్చిపడింది, చివరికి ఆయనే అలాంటిదేమీ లేదని టీవీలో చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి, అసలు ముఖ్యమైనది. సర్‌ప్రైజ్ పేరుతో ఎవర్నీ ఇరికించకు. 1995లో అమెరికాలో ఒక షో అతిథికి చెప్పకుండా, నిన్ను రహస్యంగా ప్రేమిస్తున్నది ఇతనే అంటూ తెలిసిన మనిషిని ఎదురుగా తెచ్చి కూర్చోబెట్టారు. మూడు రోజులకి ఆ అతిథి అతన్ని హత్య చేశాడు. బ్రిటన్‌లో జెరెమీ కైల్ షోని 2019లో ఎత్తేసింది కూడా ఒక అతిథి చనిపోయాకే. టీఆర్‌పీ పెరుగుతుందని నీ ప్రొడ్యూసర్ ఊదరగొడతాడు చూడు, అప్పుడు ఈ రెండూ చెప్పు. ఏం అడగబోతున్నావో ముందే చెప్పు, వద్దన్నది వదిలెయ్, షూటింగ్ అయిన మర్నాడు ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కో.

పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, షూటింగ్ అయ్యాక ఎడిట్ చెయ్యకముందే నాకు పంపు. ఎక్కడ అడ్డుపడ్డావో టైమ్‌తో సహా రాసి పంపుతాను, కోపం తెచ్చుకోకు మరి.

మీ పెదనాన్న