లాప్‌టాప్ అప్పుడప్పుడు సతాయిస్తుంటే: పాలమూరులో చదువుకుంటున్న మా బిడ్డకు

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. పొద్దున బాగానే నడుస్తుంది, మధ్యాహ్నం కాగానే మొండికేస్తుంది, ఒక్కోరోజు ఏ గొడవా ఉండదు, ఒక్కోరోజు వర్డ్ ఫైలు తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు అని రాశావు. పక్క రూమ్ అమ్మాయి ఫార్మాట్ కొట్టించమంది, షాపాయన ర్యామ్ పెంచాలన్నాడు. రెండూ ఇప్పుడే వద్దు. ప్రాజెక్టు సబ్మిషన్ నెత్తిమీద ఉండగా ఫార్మాట్ జోలికి అసలే పోకు. రంది పెట్టుకోకుండా నేను చెప్పినట్టు చేయి, సగం సంగతి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు, ఈ ఉత్తరం పక్కన పెట్టి ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకోటి గూగుల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. చేశాకే మిగతాది చదువు.

ఎప్పుడూ స్లోగా ఉండే లాప్‌టాప్ వేరు, అప్పుడప్పుడు స్లో అయ్యేది వేరు. మొదటిదానికి అసలు సత్తువే తక్కువ కావచ్చు. రెండోదానికి సత్తువ ఉంది, ఆ సమయంలో ఏదో పట్టి లాగుతోంది. ఏం లాగుతోందో తెలియకుండా డబ్బు పెడితే పోయేది నీ డబ్బే. మిర్యాలగూడలో రైసుమిల్లు ఆఫీసు కంప్యూటర్లు ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఇలాంటివాటిని షాపుకు తీసుకెళ్తే అక్కడ బుద్ధిగా నడుస్తాయి. అక్కడ టేబులు వేరు, చార్జర్ వేరు, చల్లగా ఉంటుంది. ఇంటికి రాగానే మళ్లీ మామూలే. అందుకని దీన్ని పట్టుకోవాల్సింది నువ్వే.

పట్టుకోవడం ఎట్లా అంటే, పొద్దున లాప్‌టాప్ తెరవగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి కింద మినిమైజ్ చేసి పెట్టుకో. ఇరుక్కుపోయాక తెరుద్దామంటే అదీ తెరుచుకోదు. స్లో అవ్వడం మొదలవగానే రీస్టార్ట్ కొట్టకు, మనందరికీ చేయి ముందు అక్కడికే పోతుంది కానీ రీస్టార్ట్ చేస్తే దొంగ దొరక్కుండా పారిపోయినట్టే. టాస్క్ మేనేజర్ పైకి తెచ్చి సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ శాతాలు కనబడేట్టు ఫోనుతో ఫోటో తీయి. టైమ్ ఎంత, చార్జర్ పెట్టి ఉందా లేదా, లాప్‌టాప్ దేనిమీద ఉంది, ఫ్యాన్ మోత వస్తోందా, ఇవి నోట్‌బుక్కులో ఒక లైను రాసుకో. అలాంటి లైన్లు నాలుగు పోగైతే చాలు, నువ్వే చెప్పగలవు కారణం ఏ వైపు ఉందో.

మధ్యాహ్నమే ఎక్కువ అన్నావు కాబట్టి నా అనుమానం ముందు వేడి మీదికే పోతోంది. నువ్వుండేది మేడ మీద రేకుల రూమ్, పాలమూరు ఎండలు నీకు చెప్పేదేముంది. ప్రాసెసర్ బాగా వేడెక్కి 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే కాలిపోకుండా తన స్పీడు తానే తగ్గించుకుంటుంది. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో శాతాలు చూస్తే కొంప మునిగేంత ఏమీ కనబడదు, పని మాత్రం కదలదు. అందుకే పర్ఫార్మెన్స్ అనే ట్యాబ్‌లో సీపీయూ నొక్కి అక్కడ స్పీడు చూడు. పక్కనే బేస్ స్పీడు అని ఉంటుంది, అంటే ప్రాసెసర్ మామూలుగా అందుకోవాల్సిన వేగం. బేస్ 2.4 గిగాహెర్ట్జ్ అని ఉండి, పని గట్టిగా నడుస్తున్నప్పుడు కూడా స్పీడు 0.8 దగ్గరే వేలాడుతుంటే ఎవరో దాని గొంతు పట్టుకున్నట్టే. ఏ పనీ లేనప్పుడు తక్కువ చూపిస్తే దిగులు పడకు, అది మామూలే.

పరీక్ష సులువు. అదే పని పొద్దున ఆరింటికి చేసి చూడు, మధ్యాహ్నం రెండింటికి చేసి చూడు. మంచం మీద, దిండు మీద పెట్టి వాడుతుంటే వెంటనే మానెయ్, కింద గాలి పీల్చుకునే కంతలు మూసుకుపోతాయి. గట్టి టేబుల్ మీద పెట్టి, వెనక వైపు కింద రెండు మూలలకు రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు. ఇంతమాత్రానికే తేడా కనిపిస్తే ఇక లోపల దుమ్మే. మా మిల్లులో ఒక లాప్‌టాప్ విప్పితే, ఫ్యానుకూ, వేడిని బయటికి పంపే సన్నని రేకులకూ మధ్య తవుడూ దుమ్మూ కలిసి బూడిదరంగు పట్టీలాగా గట్టిపడింది, చిమటాతో పట్టి లాగితే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. బయటినుంచి కంతల్లోంచి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనబడేవి. కాబట్టి పైపైన బ్రష్షుతో ఊడ్చి దులిపేశాననుకోకు. బాటమ్ కవర్ విప్పి, రెక్క తిరగకుండా పుల్లతో ఆపి, బ్లోయర్‌తో కొద్దికొద్దిగా కొట్టాలి. నోటితో ఊదొద్దు, తేమ లోపలికి పోతుంది. లాప్‌టాప్ కొన్నేళ్లదైతే ప్రాసెసర్ మీద వేడిని లాగేందుకు పూసే పేస్టు కూడా ఎండిపోయి ఉంటుంది, అదీ కొత్తది పెట్టమను.

రెండో అనుమానం చార్జర్. పాతది కాలిపోయిందని బజార్లో వేరేది కొన్నావు కదా, అదే. కొన్ని లాప్‌టాప్‌లు చార్జర్‌ను గుర్తుపట్టకపోయినా, దాని శక్తి చాలకపోయినా ప్రాసెసర్ స్పీడు తొక్కిపెడతాయి. చార్జర్ వెనక స్టిక్కర్ మీద ఔట్‌పుట్ అని రాసి ఉంటుంది. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే రెండూ గుణిస్తే సుమారు 65 వాట్లు. 2.31 ఆంపియర్లే ఉంటే 45 వాట్లు. నీ లాప్‌టాప్ 65 అడుగుతుంటే 45ది పెట్టి ఎంత బతిమాలినా అంతే. స్లోగా ఉన్నప్పుడు స్పీడు మీద కన్నేసి చార్జర్ పీకు. అంకె చటుక్కున పైకి లేస్తే దొంగ దొరికినట్టే. ఇంకో ఆనవాలు కూడా ఉంది, విండోస్ తన లోపల జరిగినవి రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్, అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిస్తే కెర్నల్ ప్రాసెసర్ పవర్ పేరుతో 37 నంబరు వార్నింగులు ఉంటాయి. ప్రాసెసర్ స్పీడును ఫర్మ్‌వేర్, అంటే లాప్‌టాప్ బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, కట్టడి చేస్తోందని దాని అర్థం. వేడికీ వస్తుంది, చార్జర్‌కీ వస్తుంది. నీ నోట్‌బుక్కులో రాసిన టైములతో వాటి టైములు కలుస్తున్నాయేమో చూడు.

ఫోటోలో డిస్క్ 100 శాతం అని ఎర్రగా ఉంటే దారి వేరు. డిస్క్ అన్న హెడింగ్ మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుంది. విండోస్ అప్‌డేట్ గానీ, యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ (విండోస్ సొంత యాంటీవైరస్) గానీ పైన ఉంటే అది దాని పని అది చేసుకుంటోంది, ఒక రాత్రి చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి వదిలేయ్. పగలల్లా పని చేయించుకుని రాత్రి షట్‌డౌన్ చేస్తే పాపం దానికీ టైము దొరకదు. ఎవరూ పెద్దగా వాడకుండానే 100 చూపిస్తూ, చదివే వేగం మాత్రం ఒకటో రెండో ఎంబీల దగ్గరే ఉంటే డిస్క్ ఆరోగ్యం బాగా లేనట్టు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరుకుతుంది, అది పసుపు రంగులో జాగ్రత్త అని చూపినా, ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరుతో 7 గానీ 153 గానీ నంబర్లు కనిపించినా ఇక పరీక్షలు ఆపెయ్. నీది ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే అయితే దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయిస్తే నీ లాప్‌టాప్‌కు మళ్లీ ప్రాణం వస్తుంది. డబ్బు పెట్టే మాటే వస్తే నేను ర్యామ్ కంటే ముందు దీనికే పెట్టమంటాను.

మెమరీ 90 శాతం దాటుతుంటే మాత్రం షాపాయన మాట నిజమే. 4 జీబీతో క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, పక్కన వర్డు, దాని పక్కన జూమ్ అంటే పాపం ఏది మోస్తుంది.

చిన్న చిన్నవి కొన్ని. షట్‌డౌన్ చేస్తే అంతా కొత్తగా మొదలవుతుందనుకుంటారు, ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ లోపలి భాగం అట్లాగే దాచిపెట్టుకుని మళ్లీ తెస్తుంది. వారానికోసారి రీస్టార్ట్ చేయి, స్లో అయినప్పుడు మాత్రం ఫోటో తీశాకే. సీ డ్రైవు నిండిపోతే ఖాళీ చేయి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసెయ్. స్పీడు పెంచుతామని చెప్పే క్లీనర్లు, డ్రైవర్ బూస్టర్లు ఏవీ ఎక్కించకు, వాటితోనే సగం ఆగం. వైఫై ఆపి చూడు, వర్డు చకచకా నడుస్తుంటే తప్పు లాప్‌టాప్‌ది కాదు, నెట్‌ది. విండోస్ 10 అయితే దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, ఈ స్లోకు అది కారణం కాకపోవచ్చు గానీ సబ్మిషన్ అయ్యాక ఆ సంగతి చూద్దాం.

ఫోటోలు నాకు వాట్సాప్‌లో పెట్టు, రాత్రి తొమ్మిది దాటాక ఎప్పుడైనా ఫోన్ చేయి. కవర్ నువ్వొక్కదానివే విప్పకు, స్క్రూల పొడవులు వేరు వేరుగా ఉంటాయి, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే లోపల బోర్డుకే తగులుతుంది. షాపుకే పోవాల్సి వస్తే స్లో అవుతోందని మాత్రమే చెప్పి ఇచ్చి రాకు. మధ్యాహ్నం రెండింటికి, చార్జర్ పెట్టి ఉన్నప్పుడు, స్పీడు ఇంతకు పడుతోందని ఫోటో చూపించు. నీ సొంత చార్జర్‌తోనే పరీక్షించమను, ఏదైనా మారిస్తే పాత పార్టు నీ చేతికి ఇవ్వమను.

పెదనాయన